ఎఫ్ వన్ అరిగిన కీబోర్డు

ఆదోని యార్డు గేటు కాడ
పదకొండు ట్రాక్టర్లు, ఒక లారీ.
పత్తి బోరాలు ఉబ్బి తాళ్లను పీక్కుంటున్నాయి.
కాటా మీదికి బండి ఎక్కుతుంది, అంకె కదులుతుంది,
రెండు వేల మూడొందల... అని
కంప్యూటర్ కొయ్యబారిపోతుంది.

"కొత్తది తెప్పిస్తే పాయె" అంటాడు కాటా విరుపాక్షి,
పొద్దున్నుంచి మూడోసారి.
తెప్పిస్తాడు. దసరాకీ ఇదే మాట అన్నాడు.

మూత విప్పితే లోపల ఇంకో మిల్లు.
ఫ్యాను రెక్కలకు పత్తి నూగు,
హీట్ సింకు సందుల్లో దూది ఒత్తులు.
బ్రష్షుతో దులుపుతుంటే మా తాత గుర్తొచ్చె.
ఇంటింటి అరుగు మీద వింటినారి మోగించి
పరుపులకు దూది ఏకిన మనిషి.
ఆయన ఏకిన నూగు ఇంకా ఈ గాలిలో తిరుగుతాందేమో,
నా ముక్కులో దూరి తుమ్మించె.

దూది పోయింది గానీ రోగం పోలేదు.

డిలీట్ మీట నొక్కి పట్టుకున్నా.
నీలం తెర. గడియారం, డిస్కు, ఫ్యాను వేగం,
అన్నీ మర్యాదగా కూర్చున్నాయి
చుట్టాలొచ్చినప్పటి ఇల్లు మాదిరి.
అసలు సంగతి ఈ గదిలో ఉండదు.

మా ఉస్తాద్ ఖాజాపీరా
ఇక్కడిదాకా రాంగానే "టీ పట్రాపో" అనేటోడు.
నాలుగేండ్లు టీ మోసినా.
నేను వచ్చేలోగా చచ్చిన మిషను లేచి కూర్చునేది.
గ్లాసులు చేతిని కాలుస్తుంటే
నేను తెర వైపు చూసేది,
ఆయన నా వైపు చూసేది.

ఆయన పోయినాక, షాపు ఖాళీ చేసే రోజు
ఆయన కీబోర్డు తుడిచినా.
ఎంటరు అరిగింది, సరే.
స్పేసు అరిగింది, సరే.
కంట్రోలు అరిగింది.
ఎవరికీ పనిలేని ఎఫ్ వన్
ఎందుకు అరిగినట్టు?

ఆ రెండూ కలిపి నొక్కిన రాత్రి
తెర ఒకసారి రెప్ప వేసి
ఇంకో వాకిలి తీసింది.

ఇప్పుడు ఆ వాకిట్లోనే ఉన్నా.
వరస వరసకూ ఎదురుగా "ఆటో" అని రాసుంది.
అంటే, పగ్గాలు ఎవరి చేతా లేవని.
పాత ర్యామ్ పక్కన పోయిన నెల కొత్తది గుచ్చినారు.
ఒకే కాడికి ముసలెద్దు, కోడెదూడ.
దూడ నడకకు ముసలిది తూలుతాంది.

ఉన్న అంకెలన్నీ కాటా చీటీ వెనక రాసుకున్నా,
తిరిగొచ్చే దారి ముందు, పొయ్యే దారి తర్వాత.
ఐదును ఏడు చేసినా. ఒకటిని రెండు.
వోల్టేజీ ఒక వెంట్రుక పైకి.
ఎక్కువైతే కాలేది ర్యామ్ కాదు, నా పేరు.

సేవ్.
నల్ల తెర.
కూత లేదు, దీపం లేదు.
బయట హారన్లు. విరుపాక్షి కుర్చీ కిర్రుమంది.

రూపాయి బిళ్లంత బ్యాటరీ ఊడదీసి
అరచేతిలో మూసుకొని వంద లెక్కపెట్టినా.
అరవై కాడ తప్పిపోయి మళ్లీ మొదలుపెట్టినా.
అంతసేపట్లో అది అన్నీ మరిచిపోవాల,
నేను చెడగొట్టినవి కూడా.

రెండోసారి వోల్టేజీ జోలికి పోలేదు.
నడక మాత్రం తగ్గించినా.
"రహంతుల్లా, టీ పట్రాపో" అన్నా, నోటి అలవాటు.
వాడు కదల్లేదు. టీ అప్పుడే తెచ్చినాడంట,
నా భుజం వెనక ఎంతసేపట్నుంచి నిలబడినాడో.
తెర దాచాలనిపించె. చెయ్యి లేవలేదు.

ఉరుకుందప్ప ట్రాక్టర్ కాటా ఎక్కింది.
అంకె కదిలింది, ఊగింది, నిలబడింది.
చీటీ కర్రుమంటూ బయటికొచ్చింది.
ఆయన దాన్ని చేతులు చాపి దూరంగా పట్టి చదివి
"ఏం మెకానిక్కూ, ఈ పొద్దు
రెండు వేల తొమ్మిది జనవరి ఒకటంట గదా.
అప్పుడు పత్తి రేటు ఎంతుండెనో
అదీ దీన్నే అడిగి చెప్పు" అన్నాడు.

తేదీ దిద్దేది మరిచినా.